ఇస్మత్ బేగం పావుకిలో సంగ్రామము

వానకాలము నడిమిలో, అనంతగిరి శిఖరములమీద మేఘములు ఆరవేసిన తడిబట్టలవలె కొమ్మకొమ్మకును వ్రేలాడుచుండగా, పుట్టి నాలుగు అడుగులైనను వేయని మూసీనది పసిపాపవలె రాళ్ల నడుమ ప్రాకుచుండగా, పద్మనాభస్వామి కోవెల మెట్లమీద మర్కటమండలి కొబ్బరిచిప్పల పంపకముపై సభ తీర్చియుండగా, వికారాబాదు జంక్షనులో రైలు దిగిన యాత్రికజనసందోహము ఆటోసారథులతో బేరసమరము సలుపుచుండగా, ఆ గిరిదుర్గమున ఒక రిసార్టు వెనుకటి పచ్చికబయలులో శ్వేతపటమండపమొకటి వెలసెను. దాని నుదుట ఇరువది అడుగుల ఫ్లెక్సీమీద "పాకసార్వభౌమ, నాలుగవ సీజను" అను అక్షరములు బంగారువన్నెతో ధగధగలాడెను.

అది టీవీవారి వంటలపోటీ. సరదాకు వండువారికి అచట ప్రవేశము లేదు. వంటయే వృత్తిగా, మంటయే మిత్రముగా, చెమటయే ఆభరణముగా బ్రతుకు పాకవీరులు పన్నిద్దరు ఆ మండపమున బారులు తీరిరి. రౌండుకొకరు చొప్పున ఇంటిదారి పట్టగా కడపట మిగిలినవారిదే కిరీటము. అందు పదునొకండుగురు తెల్లకోటుల కవచములు తొడిగి, పొడుగుటోపీల శిరస్త్రాణములు ధరించి, తోలుసంచులలో వరుసదీరిన చురకత్తులతో వచ్చిరి. వారిలో అగ్రగణ్యుడు సాయికిరణ్. హైదరాబాదులోని ఒక నక్షత్రహోటలుకు ప్రధానపాకాధికారి. కొత్తిమీరాకును సన్నని పట్టకారుతో పట్టి, దాని మొగము ఏ దిక్కుకు త్రిప్పవలెనో క్షణకాలము ధ్యానించి, పిమ్మట పళ్లెమున ప్రతిష్ఠించు సూక్ష్మకళాకోవిదుడు.

పన్నెండవ యోధురాలు ఇస్మత్ బేగం. తాండూరు కాపురస్థురాలు. వయస్సు నలువదియారు. వృత్తి పెండ్లివంట. తండ్రి నిసార్ చేతినుండి గరిటె అందుకొన్ననాటినుండి ముప్పదియేండ్లుగా, యాలాల్ మొదలుకొని కుల్కచర్ల వరకు ఎవరి యింట నికా జరిగినను, ఎవరి వాకిట బాజాలు మ్రోగినను, ఆ పందిరి వెనుక మూడురాళ్ల పొయ్యిమీద దేగ్ అను నిలువెత్తు రాగిగుండిగను ఎక్కించి, దుపట్టా నడుమునకు బిగించి, పడవతెడ్డువంటి గరిటెతో బగారాన్నసముద్రమును మథించిన త్రిశతజనతృప్తిదాయిని, దాల్చాధురంధర, పొగకు బెదరని ధూమ్రలోచన. మున్నూరుమందికి తక్కువగా ఆమె ఏనాడును పొయ్యి ముట్టించి యెరుగదు. భర్త అతీఖ్ నాపరాళ్ల లారీ తోలుచు నెలకు ఇరువదిదినములు రోడ్డుమీదనే ఉండును. ఒక్కతే కూతురు ముబష్షిరా వికారాబాదులో ఒక బడియందు లెక్కలపంతులమ్మ. తల్లికి ఒక మాటయైనను చెప్పక, ఫోనులో ఈ పోటీకి దరఖాస్తు నింపి పంపినది ఆ పిల్లయే.

ఒక్కొక్కరికి ఒక సహాయకుడు ఉండవచ్చునని నియమము. ఇస్మత్ వెంట వచ్చినవాడు జంగప్ప. అరువదిరెండేండ్ల అగ్నివిశారదుడు. కన్నడసీమ అంచుపల్లెనుండి వచ్చి, ఇరువదియేండ్లుగా ఆమె దేగ్ క్రింద కట్టెలు ఎగద్రోయుచున్నవాడు. పచ్చికట్టెను చూపుతోనే మండించునని తాండూరున ప్రతీతి. అంతటివాడు ఆ మండపమున గ్యాసుపొయ్యి మీట త్రిప్పినంతనే నీలిజ్వాల నెగడుట చూచి కుప్పకూలి కూర్చుండెను.

"అయ్యో శివనే! గింతే అయితే గీడ నేనెందుకు, చెల్లె?" అనెను.

"ధైర్యం చెప్పనీకి, అన్నా," అని ఇస్మత్ అతనిని లేవనెత్తెను.

మొదటి రౌండునాడు న్యాయపీఠమునుండి ప్రధాన న్యాయనిర్ణేత్రి రెబెక్క లేచెను. ఇరువదియేండ్లు వంటకళాశాలలో పాఠములు చెప్పిన విదుషి. నవ్వును ఆచితూచి ఖర్చుచేయు మహాపొదుపరి. ఆమె ముందట బల్లమీద ఒక డిజిటల్ తూకయంత్రము కంటిరెప్ప వేయక కనిపెట్టుకొని యుండెను.

"అందరు వినండి," అని ఆమె పలికెను. "నాలుగు ప్లేట్లు వండాలె. రుచికి యాభై మార్కులు. ప్లేట్లల్ల పెట్టినంక గిన్నెల ఎంత మిగిలిందో తూకమేస్తం. మిగిలిన ప్రతి పావుకిలోకు ఒక మార్కు పోతది. వంట వృత్తి అన్నోళ్లకు కొలత తెల్వాలె."

పదునొకండు తలలు అవునని ఊగెను. పన్నెండవదానిచెంత ఒక చేయి లేచెను.

"మేడమ్, నాలుగు వందలమందికేనా?" అని ఇస్మత్ అడిగెను.

"కాదు. నలుగురికి."

"నలుగురంటే నాలుగు ఇండ్లోళ్లా?"

"నలుగురు మనుషులు, ఇస్మత్ గారూ. నాలుగు నోళ్లు."

"వాళ్లెంబడి డ్రైవర్లు, పిల్లలు గిట్ల రారా?"

"ఎవరూ రారు."

ఆ పలుకు చెవిసోకినంతనే, ఆరువందలమంది బారాతు తొమ్మిదివందలై వచ్చి మీదబడిననాడు సైతము కంపింపని ఆ వీరవనిత జంగప్ప భుజమును ఊతగా పట్టుకొనెను. సామానుగదివారు ఆమె దోసిట పావుకిలో బియ్యము పోసిరి. ఆమె దానిని చూచెను. అది ఆమెను చూచెను. జంగప్ప వంగి రెండింటిని చూచెను.

"చెల్లె, గివి బియ్యమా, అక్షింతలా?"

అంతట పోరు ఆరంభమాయెను. ఇస్మత్ కుడిచేయి ఉప్పుడబ్బాలో దిగెను. చిటికెడు తీయవలెనని బుద్ధి ఆజ్ఞాపించెను. ముప్పదియేండ్లు పిడికిళ్లతో మాత్రమే పరిచయమున్న ఆ హస్తము ఆ ఆజ్ఞను తిరస్కరించి, పిడికెడు లవణమును పెళపెళమని కురిపించెను. ఉప్పును అణచుటకు ఇస్మత్ బియ్యమును పంపెను. బియ్యమును అణచుటకు నీటిని పంపెను. నీటిని అణచుటకు మసాలాను, మసాలాను అణచుటకు పెరుగును, పెరుగు పులుపును అణచుటకు మరల ఉప్పును, ఆ ఉప్పును అణచుటకు మరల బియ్యమును పంపుచు, సేనవెనుక సేనను నడుపుచు, చిన్నగిన్నెనుండి పెద్దగిన్నెకును, పెద్దగిన్నెనుండి రిసార్టువారు స్నానమునకు నీళ్లు కాచుకొను గంగాళమునకును యుద్ధరంగమును మార్చుచు, గంట మ్రోగువేళకు ఆమె నలుగురికొరకు వండిన బగారా అన్నము గుడారమంతటను గుబాళించుచు కొండవలె నిలిచెను.

రెబెక్క ఒక్క ముద్ద తినెను. కన్నులు మూసికొనెను. తెరచెను.

"రుచికి నలభై ఎనిమిది," అనెను. మండపమున కలకలము రేగెను. తూకయంత్రము మూలుగుచు లెక్క చెప్పెను. మిగిలినది పదునొకండు కిలోలు. "నలభై నాలుగు మార్కులు తీసేస్తే, నాలుగు."

ఆనాడు గుడ్డునురుగు పొంగక సున్నా తెచ్చుకొన్నవాడొకడు ఉండుటచేత అతడు ఇంటికిపోయెను, ఇస్మత్ మిగిలెను. ఆమెతోపాటు అన్నముకూడ మిగిలెను గదా! దానిని కెమెరామను పాండు మొట్టమొదట కనుగొనెను. వానివెనుక దీపములవారు, వారివెనుక తీగలు చుట్టువారు, ముఖములకు రంగు పూయువారు, రిసార్టు కావలివారు పళ్లెములతో పిపీలికాపంక్తివలె బారుదీరి, గంగాళము అడుగు కనబడువరకు భుజించి, తేన్పులతో జయధ్వానములు చేసిరి. ఆ దినము మొదలు ఆ సేన యావత్తు ఇస్మత్ ఓటమికొరకు ఆకలితో ఎదురుచూచుచుండెను.

సాయికిరణ్ మాత్రము తన పట్టకారు తుడుచుకొనుచు నవ్వెను. "ఆంటీ, మీరు పోటీకొచ్చిన్రా, అన్నదానానికొచ్చిన్రా?"

ఇస్మత్ గరిటెను గదవలె భుజమున మోపి ఇట్లు ప్రకటించెను: "తమ్మీ! నీ ప్లేటు చూసిన. మూడు చుక్కలు, ఒక ఆకు. గది తిన్నోడు ఇంటికి పోయి మళ్ల తింటడు. నాది తిన్నోడు తెల్లారినా ఆకలని అనడు. నీది కండ్ల పండుగ, నాది కడుపు పండుగ. పో, పోయి నీ ఆకును సరిజేసుకో!"

మాట గంభీరమే. కాని రెండవ రౌండున తొమ్మిది కిలోలు మిగిలెను. మూడవదానిలో తొమ్మిదిన్నర. అదృష్టదేవత మాత్రము ఆమె పక్షమున అవిశ్రాంతముగా శ్రమించెను. ఒకడు మార్కులపై అలిగి రైలెక్కెను. మరియొకని అరటిపండ్లను అనంతగిరి కోతిదండు అపహరించి, అతని టోపీని ధరించి చెట్టెక్కెను. ఇంకొకడు పాయసమున చక్కెర యనుకొని వేరొకటి కుమ్మరించెను. ఇట్లు ప్రతి యుద్ధమునను ఇస్మత్ ఒక్క మెట్టు తేడాతో బ్రతికి బయటపడుచు వచ్చెను.

నాలుగవ రౌండు ముగిసినపుడు ఒక వింత జరిగెను. మిగిలిన దాల్చా అను పప్పుపులుసుకొరకు బారుదీరిన సేనలో, టోపీ తీసి, తలవంచుకొని, చిట్టచివర నిలుచున్న వ్యక్తి పళ్లెమున గరిటె వంచబోయి ఇస్మత్ ఆగెను.

"తమ్మీ, నువ్వా?"

సాయికిరణ్ చెవులు కెంపులాయెను. "వాసనకు ఆగలేకపోయిన, అక్కా."

ఆంటీ అక్క అయినందుకు ఇస్మత్ మరొక గరిటె అదనముగా వడ్డించెను. అతడు పళ్లెమును వ్రేళ్లతో తుడిచి తినెను. మరునాడు ఉదయము వచ్చి, ఒక వలయమున గ్రుచ్చిన నాలుగు బుల్లిచెంచాలను ఆమె చేతిలో పెట్టెను. కొలతచెంచాలు. అన్నింటికన్న చిన్నది చిటికెనవ్రేలి గోరంత లేదు.

"గివి చెవులకు పెట్టుకునేటియా?" అని ఆమె అడిగెను.

"ఉప్పుకక్కా. గా చిన్నదాంతోని ఒక్కటే వెయ్యుండ్రి. మల్ల డబ్బా ముట్టకుండ్రి."

ఆమె ఆ చెంచాలను కృతజ్ఞతతో స్వీకరించెను. ఐదవ రౌండున ఆ చిన్నదానితో ఒక్కసారి ఉప్పు వేసెను. పిమ్మట, అది సరిపోయినదో లేదో అను భీతిచే, చెంచాను ప్రక్కనబెట్టి పిడికిలితో వేసెను. మిగిలినది పదిన్నర కిలోలు. పొంగవలసిన కేకు కూలిపోయిన మరియొకడు ఇంటికిపోయెను. ఇప్పుడు మిగిలినవారు ఏడుగురు.

ఆ సాయంకాలము రిసార్టు వరండాలో, పొగమంచు తేనీటికప్పులోనికి తొంగిచూచుచుండగా, ఇస్మత్ కూతురికి ఫోను చేసెను.

"బిడ్డా, రేపు పొద్దుగాల తాండూరు బండెక్కుత. నాతోని కాదు. పద్నాలుగు గుండిగలు ఒక్కసారి దించమంటే దించుత. గీ పావుకిలో నన్ను గెలుస్తున్నది. ఊరంత టీవీల చూసి నవ్వుతది."

"నవ్వనియ్యి. నువ్వు రావద్దు," అని ముబష్షిరా పలికెను.

"అసలు ఎందుకు నింపినవే ఆ ఫారం? నాకేం కిరీటం కావాల్నని అడిగిన్నా?"

అందుకు ఆ లెక్కలపంతులమ్మ ఎదురుప్రశ్న వేసెను.

"అమ్మీ, నాకు ఇరవై నాలుగేండ్లు. నువ్వు నాకోసమని వండిన కూర ఒక్కటి చెప్పు."

ఇస్మత్ వ్రేళ్లు మడచి లెక్కింపబోయెను. మొదటి వ్రేలే మడతపడలేదు.

"నా టిఫిన్ డబ్బాల రోజు ఎవరిదో ఒకరి వలీమా విందు," అని కూతురు చెప్పుచుండెను. "దోస్తులంత ఇంటి అన్నం తెచ్చుకునేటోళ్లు. నేను పెండ్లి తెచ్చుకునేదాన్ని. జ్వరమొచ్చినా బగారా అన్నమే. పరీక్షలున్నా బగారా అన్నమే."

"మంచిగుండకపోయేనా, బిడ్డా?"

"మస్తుండె. గదే పరేషాన్. మస్తుండె, గని నాది కాదు. ఎవరో తిన్నంక మిగిలింది. ఆ ఫారంల నాలుగు ప్లేట్లే వండాలె అని రాసుండె. జర నేర్చుకుంటవేమో అని నింపిన. కిరీటం ఎవరికి కావాలె?"

ఇస్మత్ ఫోను దించెను. తేనీరు చల్లారెను. మంచు దానిని త్రాగిపోయెను. తుదకు ఆమె జంగప్పను పిలిచి, "అన్నా, టికెటు వద్దు," అనెను.

మరి నాలుగు దినములకు ఆరవ రౌండు వచ్చెను. దానికి ఇంటిమనిషి రౌండని పేరు. ప్రతి వీరుని ఇంటినుండి ఒకరు వచ్చి బల్లముందు కూర్చుండవలెను. వండవలసినవి రెండే పళ్లెములు. ఒకటి ఇంటిమనిషికి, రెండవది రెబెక్కకు. సహాయకులు తెల్లగీత దాటి లోనికి రారాదు. నోరు మాత్రము ఆడింపవచ్చును. మధ్యాహ్నపు సెలవు పెట్టి ముబష్షిరా కొండమీదికి ఆటోలో వచ్చెను. గొడుగు ముడిచి, తడిసిన చున్నీ పిండుకొని, తల్లి బల్లముందు కూర్చుండెను.

"ఏం తింటవు?" అని ఇస్మత్ అడిగెను.

"ఖిచ్డీ. ఖట్టా. గది ఏ పెండ్లిల వండరు."

అదియును నిజమే. బియ్యము, ఎర్రపప్పు కలిపి మెత్తగా ఉడికించు ఖిచ్డీ. నువ్వులు, చింతపులుసు కలిపిన చల్లని ఖట్టా. ఇవి ఉదయమున ఇంటివారు ఇంటివారికొరకు వండుకొనునవి. ఏ షామియానా క్రిందను వానికి పిలుపు రాదు. ఇస్మత్ తన తల్లి చేయుచుండగా చూచినదే కాని, తాను వండి యెరుగదు.

ఆమె సామానుబల్ల చెంతకు నడిచెను. "బియ్యం, పప్పు కలిపి... పా..." అనెను. "పావు..." నుదుట చెమట మొలిచెను. "పావుకిలో!" అని కేకవేసెను. ఆ కేకకు కెమెరా వెనుక పాండు ఉలికిపడెను. పళ్లెములు చేతబట్టి ముందుగానే వరుసలో నిలిచిన దీపములవారు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి.

పావుకిలో గిన్నెలో పడెను. ఇస్మత్ వెనుదిరిగెను. అప్పుడు ఆమె ఎడమచేయి, ఎవ్వరి ఆజ్ఞయు లేకయే, బియ్యపుసంచి వైపు ప్రాకిపోయెను. ఇంకొక్క పిడికెడు! ఎందుకైనను మంచిది! ఆమె కుడిచేతితో ఎడమ మణికట్టును పట్టుకొనెను. ఒకే దేహమున రెండు చేతులు ద్వంద్వయుద్ధమునకు దిగెను.

ఆ ఎడమచేతికి ఒక చరిత్ర కలదు. ఇస్మత్ పదేండ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒక నికాలో తండ్రి నిసార్ వండిన అన్నము చివరి పంక్తికి చాలలేదు. పదునైదుగురు చేతులు కడుగుకొని కూర్చుండగా, పెండ్లిపెద్ద వచ్చి అడుగగా, ఆ మహాపాకశాస్త్రజ్ఞుడు తలవంచి "అయిపోయింది" అనెను. ఆ పిమ్మట నెలదినములు ఆయన వీధిలోనికి రాలేదు. ఆ ఒక్క మాటను జన్మలో పలుకరాదని ఆ పదేండ్ల పిల్ల ఆనాడే నిశ్చయించుకొనెను. గరిటె పట్టిననాటినుండి మున్నూరుమందికి నాలుగువందలమంది తిండి వండుచు, మిగిలినది ఇంటికి మోయుచు వచ్చెను. ఆ పిడికెడు బియ్యము బియ్యము కాదు, భయము.

తెల్లగీత ఆవలినుండి జంగప్ప రెండు చేతులెత్తి గర్జించెను.

"చెల్లె! ఎవరు నువ్వు? యాలాల్ల గాలివాన షామియానాను ఎత్తుకపోతే, దేగ్ మీద నీ దుపట్టా కప్పి, ఒక్క చినుకు పడనియ్యని దానివి! కట్టెలు తడిస్తే విరిగిన బల్లలు మండించి అన్నం దించినదానివి! గసుంటి నువ్వు గీ పిడికెడు బియ్యానికి బెదురుతవా? ఎవరొస్తరని వండుతున్నవు? ఎవరూ రారు! కూసున్నది నీ బిడ్డ ఒక్కతే! మొఖం చూడు, చెల్లె! బియ్యం చూడకు, బిడ్డ మొఖం చూడు!"

ఇస్మత్ తల త్రిప్పి చూచెను. ముబష్షిరా గడ్డము క్రింద చేయి పెట్టుకొని, ఆకలితో, కొంచెము కోపముతో, కొంచెము నిద్రతో, ఏడేండ్ల పిల్లవలె కూర్చుండియుండెను. ఆ ఎడమచేయి మెల్లగా సంచినుండి వెనుదిరిగెను. పొరుగుబల్లయొద్ద సాయికిరణ్ తన పట్టకారును గాలిలో ఆడించి "శాబాష్ అక్కా!" అనెను.

ఖిచ్డీ ఉడుకసాగెను. తుది శత్రువు ఉప్పు. ఇస్మత్ వ్రేళ్లు డబ్బాలో మునిగి పిడికిలి బిగించెను. ఆగెను. పిడికిలి విడిచెను. వలయమునుండి గోరంత చెంచాను ఊడదీసెను. ఒకసారి వేసెను. మరియొకసారి వేయుటకు ఆ చేయి ఎంత వేడుకొనెనో చెప్పుటకు నాకు మాటలు చాలవు. ఆమె ఉప్పుడబ్బా మూత బిగించి, దానిని తెల్లగీత మీదుగా జంగప్ప ఒడిలోనికి విసరెను.

"అన్నా! నేను అడిగినా ఇయ్యకు!"

జంగప్ప ఆ డబ్బాను ఎదకు హత్తుకొని దానిపై ముసుగు కప్పుకొని కూర్చుండెను. ఆమె రెండుమారులు అడిగెను. అతడు ఇవ్వలేదు.

గంట మ్రోగువేళకు రెండు పళ్లెములు నిండెను. ప్రక్కనే రెండు బుల్లిగిన్నెలలో ఖట్టా, అప్పడములు. ఇస్మత్ గరిటెతో గీకి చూచెను. గిన్నె ఖణేలుమనెను. ఖాళీగిన్నె చేయు ఆ చప్పుడును ఆమె ఏనాడును వినియుండలేదు.

రెబెక్క మొదటి బల్లనుండి రుచి చూచుచు బయలుదేరెను. ఇస్మత్ బల్ల ఏడవది. అంతవరకు ఆకలి ఆగునా? ముబష్షిరా మొదటి ముద్ద పెట్టుకొనెను. రెండవ ముద్ద పెట్టుకొనెను. పిమ్మట ఆమె వ్రేళ్లు పళ్లెమునుండి నోటికి, నోటినుండి పళ్లెమునకు విరామములేక రాకపోకలు సాగించెను. అప్పడము ఫెళఫెళ విరిగెను. ఖట్టాగిన్నె ఒట్టిపోయెను. ఇస్మత్ బల్లకు ఈవల నిలిచి, కూతురు తినుట చూచుచుండెను. ముప్పదియేండ్లలో లక్షలమందికి వండినది; ఒక్కరు తినుటను తుదిముద్దవరకు చూచుట ఆమెకు అదియే మొదలు.

ముబష్షిరా పళ్లెమును తుడిచి, వ్రేళ్లు నాకి, తలయెత్తెను.

"అమ్మీ, ఇంకొంచెం ఉందా?"

ఇస్మత్ గిన్నెలోనికి చూచెను. గిన్నెలో ఆమె ముఖమే కనబడెను. కూతురిని చూచెను. పిమ్మట ఆమె దృష్టి రెండవ పళ్లెముపై నిలిచెను. అది ఆవిర్లు చిమ్ముచు, రెబెక్క రాకకై బల్లమీద ఎదురుచూచుచుండెను. ఆ పళ్లెమున యాభై మార్కులు కలవు. ఏడవ రౌండు కలదు, కిరీటము కలదు. తాండూరు రైలుగేటుయొద్ద కట్టబోవు ఫ్లెక్సీ కూడ కలదు.

"ఎందుకు లేదు బిడ్డా!" అనెను ఇస్మత్. ఆ పళ్లెమునెత్తి కూతురి పళ్లెమున వంచెను. గరిటెతో అంచులు కూడ గీకి పెట్టెను.

"చెల్లె! చెల్లె! అది మేడమ్‌ది!" అని జంగప్ప అరచెను. ఎవ్వరును వినలేదు. తల్లి ఖట్టా పోయుచుండెను, కూతురు కలుపుకొనుచుండెను.

రెబెక్క చెంచా చేతబట్టి ఏడవ బల్లను చేరువేళకు రెండవ పళ్లెము అద్దమువలె మెరయుచుండెను.

"ఇస్మత్ గారూ, నా ప్లేటు?"

పాండు కెమెరాను ఇస్మత్ ముఖముపైకి త్రిప్పెను. ఆమె పెదవులు కదలెను. తండ్రిని నెలదినములు ఇంట బంధించిన ఆ పదమును, పీడకలలలో సైతము తాను పలుకక తప్పించుకొన్న ఆ పదమును, ఇస్మత్ బేగం నిటారుగా నిలిచి, అక్షరమక్షరము స్పష్టముగా ఉచ్చరించెను.

"అయిపోయింది, మేడమ్."

"అయిపోయిందంటే?"

"అయిపోయిందంటే అయిపోయింది. ఇద్దరికి వండిన. నా బిడ్డ రెండూ తిన్నది."

"శివనే!" అని జంగప్ప ఉప్పుడబ్బాతో సహా పైకిలేచెను. "అయిపోయిందన్నది! నా చెల్లె అయిపోయిందన్నది!"

రెబెక్క ఆ గిన్నెను ఎత్తి తూకయంత్రముపై పెట్టెను. గిన్నె బరువు తీసివేయగా ఆ యంత్రము ఒక్క అంకెను చూపెను. సున్నా. ఆమె దానిని ఒకసారి తట్టి చూచెను. మరల సున్నాయే.

"తూకంల సున్నా," అనెను రెబెక్క. "నాలుగు సీజన్లల్ల గిది మొదటిసారి. కాని రుచిల గూడ సున్నానే వెయ్యాలె. తినకుండ మార్కులు ఎట్ల వేస్తా? మీరు ఇంటికి పోవాలె, ఇస్మత్ గారూ."

"పోత మేడమ్. సంతోషంగ పోత."

రెబెక్క కదలలేదు. చెంచా ఇంకను చేతిలోనే ఉండెను. పిమ్మట ముబష్షిరా వైపు తిరిగెను. "నువ్వన్న చెప్పమ్మా. ఎట్లుండె?"

ముబష్షిరా చేయి కడుగుకొనెను. తుడుచుకొనెను. తల్లియని పక్షపాతము చూపుట లెక్కలు చెప్పువారికి చేతకాదు.

"ఉప్పు జర తక్కువైంది," అనెను.

ఇస్మత్ చేతిలోని గరిటె జారి నేల బడెను. "తక్కువైందా?"

"అవ్, అమ్మీ."

"నిజంగ? ఒట్టు?"

"ఒట్టు. జర తక్కువైంది. రేపు చేసినప్పుడు ఇంకొంచెం వెయ్యి."

"అన్నా!" అని ఇస్మత్ రెండు చేతులు ఆకాశమునకెత్తి కేకవేసెను. ఆ కేక అనంతగిరి లోయలో మూడుమారులు మారుమ్రోగెను. "విన్నవా అన్నా! నా చేతి ఉప్పు తక్కువైందంట!"

కావున దిక్కులారా, దిక్పాలకులారా, వికారాబాదు మొదలు తాండూరు వరకు పట్టాలవెంట నిలిచిన సిగ్నలు స్తంభములారా, చెవులొగ్గి ఆలకింపుడు! పాకసార్వభౌమ నాలుగవ సీజనున, ఆరవ రౌండున, పన్నిద్దరిలో ఏడవస్థానమున, యాభైకి సున్నా మార్కులతో నిష్క్రమించుచు, ఖాళీగిన్నెను చంకనబెట్టుకొని, కూతురి గొడుగు క్రింద కొండ దిగిపోవుచున్న ఆమె ఇస్మత్ బేగం! నిసార్ తనయ! పావుకిలోను పావుకిలోగానే వండిన మహావీర! ఆమె ఖిచ్డీలో ఉప్పు తక్కువైనది! ఎంత తక్కువ? గోరంత! గోరంత తక్కువైనది!